అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

గోదారి_గట్టు

జులై రెండో వారంలో సియాటెల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేశాను. జూనో, స్కాగ్వే, గ్లేషియర్ బే, కెచికాన్, ఆఖర్న కెనడాలోని విక్టోరియా. అమ్మానాన్న ఏప్రిల్లో రాజమండ్రి నుంచి వచ్చారు, ఆగస్టు చివర్లో వెళ్లిపోతారు. వాళ్లిద్దరూ, మేమిద్దరం, నాలుగేళ్ల పాప. రెండు గదులు.

అడ్వాన్సు కట్టేదాకా సరదాగానే ఉంది, కట్టాక గుబులు పట్టుకుంది. అమ్మ గుడ్డు కూడా తినదు. శనివారం ఉల్లీ వెల్లుల్లీ కూడా కుదరదు. నాన్నకి షుగర్, రెండు పూటలా ఇన్సులిన్. మోకాళ్లు అంతంతమాత్రం. పైగా ఒకసారి పాపికొండలు లాంచీలో వెళ్లినప్పుడు అమ్మకి కళ్లు తిరిగి పేరంటపల్లి వచ్చేదాకా పడుకునే ఉంది. "వారం రోజులు నీళ్ల మీదేంట్రా, నన్ను ఇంట్లో వదిలేసి మీరెళ్లి రండి" అని రోజూ అదే పాట. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఏం జాగ్రత్తలు తీసుకున్నారో చెప్పండి. ఎంత చిన్న విషయమైనా పర్లేదు.

సియాటెల్_చినుకు

తిండి సంగతి తర్వాత. అమ్మానాన్నలకి కెనడా వీసా ఉందా?

గోదారి_గట్టు

కెనడా వీసా ఎందుకండీ? ఎక్కేది సియాటెల్లో, దిగేది సియాటెల్లో. విక్టోరియాలో రాత్రి మూడు నాలుగు గంటలు ఆగుతుందంతే. మేం దిగం, గదిలోనే పడుకుంటాం.

సియాటెల్_చినుకు

దిగకపోయినా కావాలి. ఓడ కెనడా రేవులోకి వెళ్తోందంటే అందులో ఉన్న ప్రతి మనిషికీ కెనడాకి వెళ్లే అర్హత ఉండాలి. లేకపోతే సియాటెల్లో ఓడ ఎక్కనివ్వరు. 

ఆ విక్టోరియా మజిలీ మన సరదా కోసం పెట్టింది కాదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. పరాయి జెండా ఓడ అమెరికా రేవులో జనాన్ని ఎక్కించుకుని, మధ్యలో వేరే దేశం రేవు తాకకుండా మళ్లీ అమెరికాలో దింపకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహమాస్, పనామా లాంటి చోట్ల రిజిస్టరైనవే. అందుకే తప్పనిసరిగా ఒక పూట కెనడాలో ఆగాలి. 2021లో కోవిడ్‌కి కెనడా రేవులు మూసేస్తే, అలాస్కా సీజన్ పోకుండా అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా అత్తగారు మామగారికి ఇదే జరిగింది. మేమూ మీలాగే "దిగం కదా" అనుకున్నాం. టెర్మినల్లో సూట్‌కేసులు అప్పగించేశాం, అవి లోపలికి వెళ్లిపోయాయి. కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టు పేజీలు ఒక్కొక్కటే తిప్పింది, మళ్లీ మొదట్నుంచి తిప్పింది, "కెనడా వీసా ఏదీ" అంది. మామగారు అమెరికా వీసా పేజీ తీసి చూపిస్తారు, ఆమె తల అడ్డంగా ఊపుతుంది. గంటన్నర కుర్చీల్లో కూర్చున్నాం. మావారు పిల్లల్ని తీసుకుని ఎక్కారు, నేను పెద్దవాళ్లతో వెనక్కి ఇంటికొచ్చాను. వాళ్ల టిక్కెట్ల డబ్బులో పైసా రాలేదు. మామగారు దారంతా "నా వల్ల మీ ట్రిప్పు పోయిందమ్మా" అంటూనే ఉన్నారు. అది ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. తప్పు మాది, ముందే చూసుకోవాల్సింది. మీకింకా టైముంది, ఈ రాత్రే అప్లై చేయండి.

బెజవాడ_బుల్లోడు

అక్క చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతా. గోదారి అన్నా, మీది ఏ స్టేటస్? ఉద్యోగ వీసా హెచ్‌వన్ అయితే మీకూ, దాని మీద భార్యకిచ్చే హెచ్‌ఫోర్ అయితే వదినకీ కెనడా వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటేనే కార్డు, పాస్‌పోర్టుతో సరిపోతుంది. పాప అమెరికాలో పుట్టిందా?

గోదారి_గట్టు

అయ్యబాబోయ్. నాది హెచ్‌వన్, పైగా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది, ఎక్స్‌టెన్షన్ మీద ఉన్నాను. పాప ఇక్కడే పుట్టింది, పాస్‌పోర్టు ఉంది. ఇప్పుడు కొత్త స్టాంపింగ్ లేకుండా కెనడా వెళ్లి తిరిగి రావచ్చా?

బెజవాడ_బుల్లోడు

కెనడాకి, మెక్సికోకి రావచ్చు. ముప్పై రోజుల లోపు వెళ్లొస్తే, ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ఉండి, ఐ-797 (ఎక్స్‌టెన్షన్ మంజూరు కాగితం) చేతిలో ఉంటే పాత స్టాంపుతోనే వెనక్కి రానిస్తారు. ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. రెండు కాగితాలూ ప్రింటు తీసి పెట్టుకోండి, ఫోన్లో ఉందని వదిలేయొద్దు. సముద్రంలో సిగ్నల్ ఉండదు.

జాగ్రత్త ఎక్కడంటే, ఇదే లెక్కతో బహమాస్, కరీబియన్ క్రూజ్ ఎక్కితే హెచ్‌వన్ వాళ్లకి పనికిరాదు. చుట్టుపక్కల దీవులకి కూడా వర్తించేది స్టూడెంట్ వీసా ఎఫ్, ఎక్స్ఛేంజ్ వీసా జే వాళ్లకే. నా రూమ్మేట్ చదువుకునేటప్పుడు అలా వెళ్లొచ్చాడు, ఉద్యోగం వచ్చి హెచ్‌వన్‌కి మారాక కూడా అదే అనుకుని మయామీ దాకా పోయి ఉసూరుమంటూ తిరిగొచ్చాడు.

కెనడా వీసా ఫీజు మనిషికి 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. గత పదేళ్లలో కెనడాకి వేలిముద్రలు ఇచ్చి ఉంటే మళ్లీ అక్కర్లేదు. పాస్‌పోర్టులు పంపాల్సి వస్తుంది, కాబట్టి ఈలోగా ఇంకో ప్రయాణం పెట్టుకోకండి.

నల్గొండ_నర్సన్న

కాయిదాల ముచ్చట అయిపాయె గద, తిండి సంగతి నేను జెప్త. మా అమ్మను, బాపును పోయినేడు తోల్కపోయిన. అమ్మ శాకాహారమే. మొదటి రాత్రి డైనింగు హాల్ల కూసుండంగనే హెడ్ వెయిటర్ని పిలిచి చెప్పిన. ఆయన గోవా మనిషి. "రేపటి సంది ఒక రోజు ముందుగాల చెప్పుండ్రి, ఇండియన్ వెజ్ చేయిస్త" అన్నడు. రెండో దినం నుంచి పప్పు, ఆలుగడ్డ కూర, అన్నం, రొట్టె. మా అమ్మకు పచ్చిమిరపకాయలు కోసి గిన్నెల పెట్టి తెచ్చెటోడు. ఆఖరి రోజు మా అమ్మ ఆయన చేతులు పట్టుకొని "నీకు పెండ్లి అయ్యిందా బిడ్డా" అని అడిగింది. ఇద్దరు పిల్లలంట.

ఫిక్స్‌డ్ టైమ్ డిన్నర్ తీసుకోండ్రి. రోజూ అదే టేబులు, అదే వెయిటరు. ఎప్పుడైన రావచ్చు అనే పద్ధతి తీసుకుంటే దినాం కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలె.

పెరుగన్నం

నర్సన్న గారు చెప్పింది డిన్నర్‌కి సరే. పొద్దున్న, మధ్యాహ్నం బఫేలో మాత్రం జాగ్రత్త. చూడ్డానికి వెజ్‌లా ఉండి కానివి చాలా ఉంటాయి. టమాటా సూపు చాలాసార్లు చికెన్ మరిగించిన నీళ్లతో చేస్తారు, అన్నం కూడా ఒక్కోసారి అవే నీళ్లతో వండుతారు. సీజర్ సలాడ్ డ్రెస్సింగులో చేపలుంటాయి. జెల్లీలా కదిలే స్వీట్లలో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్. "వెజిటేరియనా" అని అడిగితే పాపం అవునంటారు, వాళ్ల లెక్కలో ముక్క లేకపోతే వెజ్. "చికెన్ స్టాక్ ఉందా, గుడ్డు ఉందా" అని పేరు పెట్టి అడగండి.

ఇక పొద్దున పూట బఫేలో తియ్యదనం లేని పెరుగు పెద్ద గిన్నెలో ఉంటుంది. మిగతా వేళల్లో అడిగితే లోపల్నుంచి తెస్తారు. మధ్యాహ్నం ప్లెయిన్ అన్నం దొరుకుతుంది. అన్నం మరీ పలుకుగా ఉంటే వేడి నీళ్లు కాసిని చల్లి మూత పెట్టమనండి. అమ్మగారికి శనివారం గండం అలా గట్టెక్కుతుంది.

కాకినాడ_కాజా

ఆవకాయ తీసుకెళ్లొచ్చా? అది లేకుండా పెరుగన్నం ఎలా దిగుతుందండీ పాపం ఆవిడకి.

పెరుగన్నం

కొన్న సీసా, సీలు విప్పనిది అయితే సాధారణంగా ఏమీ అనరు. ఇంట్లో పెట్టింది, వండింది చాలా కంపెనీలు ఒప్పుకోవు. చేగోడీలు, కారప్పూస లాంటివి కూడా ప్యాకెట్‌లో సీలు వేసి ఉంటే మంచిది. పళ్లు, తిండి పదార్థాలు రేవుల్లో కిందికి మాత్రం తీసుకెళ్లకండి.

ఓడలో_పదేళ్లు

నేను విశాఖ వాణ్ణి, రెండు కంపెనీల ఓడల్లో హౌస్‌కీపింగ్‌లో పదేళ్లు చేశాను. ఇప్పుడు మానేసి ఇంటి దగ్గరే ఉన్నాను. మనవాళ్ల సామాన్లలో ఎక్కువగా పట్టుకునేవి చెప్తాను: రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. స్కానింగ్‌లో కనపడగానే తీసి చీటీ కట్టి దాచేస్తారు, దిగేటప్పుడు ఇస్తారు. అగరొత్తులు, కర్పూరం, దీపం అసలే వద్దు. సముద్రం మధ్యలో ఓడకి నిప్పు అంటుకుంటే పారిపోయే చోటుండదు. ఒకసారి ఒక పెద్దావిడ గదిలో కర్పూరం వెలిగిస్తే పొగ అలారం మోగి మేం ముగ్గురం పరిగెత్తుకుంటూ వెళ్లాం. ఆవిడ భయపడి ఏడ్చేసింది. బ్యాటరీ దీపం పెట్టుకోమని చెప్పండి అమ్మకి, దేవుడు ఏమీ అనుకోడు.

అమెరికా నుంచి బయల్దేరే చాలా ఓడల గదుల్లో టీకి కెటిల్ ఉండదు. మంచి ఫ్లాస్కు ఒకటి తీసుకెళ్లి రాత్రి బఫే దగ్గర వేడి నీళ్లు పట్టుకుంటే తెల్లారి నాన్నగారికి కాఫీకి సరిపోతుంది. ఇన్‌స్టంట్ పొడి మీ దగ్గర ఉంచుకోండి.

ఇంకో సంగతి, ఎవరూ చెప్పరు కానీ మనవాళ్ల మొదటి ఇబ్బంది అదే. బాత్‌రూమ్‌లో నీళ్ల పైపు ఉండదు, కాగితమే. చిన్న ప్లాస్టిక్ మగ్గో, పిచికారీ సీసాలాంటి పోర్టబుల్ బిడేనో పెట్టుకోండి. ఆ టాయిలెట్లు గాలితో లాగేవి. తడి టిష్యూలు, పాప డైపర్ లాంటివి వేశారంటే మీ గదే కాదు, వరసలో ఉన్న గదులన్నిటికీ ఆగిపోతుంది. బాత్‌రూమ్ గుమ్మం కొన్ని అంగుళాలు ఎత్తుగా ఉంటుంది. రాత్రి నిద్రమత్తులో పెద్దవాళ్లు అక్కడే తట్టుకుని పడతారు. నేను చూసిన దెబ్బల్లో సగం ఆ గుమ్మం దగ్గరివే. లోపల చిన్న నైట్ బల్బు పెట్టండి.

గోదారి_గట్టు

ఓడలో_పదేళ్లు గారూ, మీ కాళ్లకి దండం. గుమ్మం సంగతి నాకు తట్టేది కాదు.

డల్లాస్_డాక్టరమ్మ

ఇన్సులిన్ గురించి. మందులన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి. ఎక్కేటప్పుడు అప్పగించిన సూట్‌కేసులు గదికి వచ్చేసరికి ఒక్కోసారి రాత్రి అవుతుంది. గదిలో ఉండే మినీ బార్ అంత చల్లబడదు, మందుల ఫ్రిజ్ కావాలని ముందే స్పెషల్ నీడ్స్ ఫారంలో రాయండి, సూదులు వేయడానికి డబ్బా కూడా అడగండి. ఎక్కేటప్పుడు దిగేటప్పుడు వీల్‌చెయిర్ కూడా ఆ ఫారంలోనే. వారానికి సరిపడా కాకుండా ఇంకో వారానికి ఎక్కువ మందులు పెట్టుకోండి. బఫే చూసి పెద్దవాళ్లు వేళకాని వేళ తింటారు, కొత్త తిండి, నడక ఎక్కువ. షుగర్ రోజూ చూసుకోవాలి.

కళ్లు తిరగడానికి మందు వాంతి మొదలయ్యాక వేసుకుంటే ప్రయోజనం తక్కువ, ముందే వేసుకోవాలి. చెవి వెనక అంటించే ప్యాచ్ గురించి ఎవరో ఒకరు చెప్తారు. గ్లాకోమా ఉన్నవాళ్లకి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న మగవాళ్లకి అది మంచిది కాదు, పెద్ద వయసులో తికమక కూడా తెస్తుంది. అమ్మగారి మందుల చీటీ ఆవిడ డాక్టరుకి చూపించి ఏది వేసుకోవాలో అడిగి వెళ్లండి.

కాకినాడ_కాజా

నాకు అల్లం మురబ్బా పనిచేసింది డాక్టరమ్మా. ఓడలో వాళ్లే ఆకుపచ్చ ఆపిల్ ఇచ్చి తినమన్నారు.

డల్లాస్_డాక్టరమ్మ

అల్లం మంచిదే, కొందరికి నిజంగా పనిచేస్తుంది. దానితో పాటు గదిలో పడుకుని ఫోను చూడకుండా బయటికొచ్చి దూరంగా నీరూ ఆకాశం కలిసే గీత మీద చూపు నిలపాలి. మురబ్బాలో పంచదార ఉంటుంది, నాన్నగారికి ఇవ్వకండి.

వైజాగ్_బీచ్‌రోడ్

మేం 2022లో చెన్నై నుంచి విశాఖ క్రూజ్ మొదలైన కొత్తలో ఎక్కాం. జూన్ నెల బంగాళాఖాతం, అడగాలా? ఓడ ముందు భాగంలో పై అంతస్తు గది వచ్చింది. రాత్రంతా లేచి పడుతున్నట్టే ఉంది. అక్క వాళ్లది కింది అంతస్తులో మధ్య గది, వాళ్లు హాయిగా నిద్రపోయారు. తూగుటుయ్యాల చివర కూర్చున్నవాళ్లకి, మధ్యలో కూర్చున్నవాళ్లకి ఉన్నంత తేడా. అమ్మగారికి మధ్యలో, కింద గది మార్పించండి. బాల్కనీ లేకపోయినా పర్లేదు.

ఓడలో_పదేళ్లు

గది ఎంచుకునేటప్పుడు పైనా కిందా ఏముందో కూడా డెక్ ప్లాన్‌లో, అంటే ఓడ అంతస్తుల పటంలో చూడాలి. పైన స్విమ్మింగ్ పూల్ డెక్ ఉంటే తెల్లవారుజామున కుర్చీలు లాగే చప్పుడు. కింద థియేటర్ ఉంటే రాత్రి పదకొండు దాకా డప్పులు. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు మేలు.

సియాటెల్ ఓడలు మొదటి రోజు వాంకూవర్ దీవికి పడమట, బయటి పసిఫిక్ మీదుగా వెళ్తాయి. కదిలేది అక్కడే, తిరుగు ప్రయాణంలోనూ అంతే. అలాస్కా దీవుల మధ్యకి వెళ్లాక నీళ్లు చెరువులా ఉంటాయి. కాబట్టి మొదటి రాత్రి చూసి "వారమంతా ఇంతే" అని అమ్మగారు బెంబేలెత్తకుండా ముందే చెప్పి ఉంచండి.

బెజవాడ_బుల్లోడు

బాల్కనీ వద్దంటే ఎలా అన్నా? అలాస్కాకి వెళ్లేదే కొండలు చూడ్డానికి. గ్లేషియర్ ముందు గదిలోంచే చూడొచ్చు, చలిలో పైకి ఎక్కక్కర్లేదు.

వైజాగ్_బీచ్‌రోడ్

కళ్లు తిరిగే మనిషికి బాల్కనీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే తమ్ముడూ. గ్లేషియర్ ముందు ఓడని నెమ్మదిగా చుట్టూ తిప్పుతారు, ఏ డెక్ మీద నుంచున్నా కనిపిస్తుంది.

నల్గొండ_నర్సన్న

బుల్లోడు జెప్పింది కూడ తప్పు గాదు. మా బాపుకు మోకాళ్ల నొప్పి. బాల్కనీల శాలువ కప్పుకొని కూసుండి నాలుగు గంటలు కదల్లే. ఎవ్వరి అవసరం వాళ్లది. గోదారన్నకు రెండు గదులు ఉన్నయి గద, ఒకటి బాల్కనీ తీసుకొని పెద్దోళ్లను పగటి పూట ఆడ కూసోవెడితె సరి.

రాజమండ్రి_రేవు

మీరంతా గది, తిండి అంటున్నారు. నేను లైఫ్ జాకెట్ దగ్గర ఆగుతాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది. మా వీధి చివర ఇంట్లోవాళ్లు ఆ బోటులో ఉన్నారు. ఆ వారమంతా గోదారి గట్టు మీద ఎదురుచూసినవాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. అందుకని ఎక్కడ నీళ్ల మీదికెళ్లినా ముందు అదే చూస్తాను.

క్రూజ్ ఎక్కిన రోజే మస్టర్ డ్రిల్ ఉంటుంది, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో, ఏం చేయాలో నేర్పే కసరత్తు. 2012 జనవరిలో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. కొత్తగా ఎక్కినవాళ్లకి అప్పటికి డ్రిల్ కూడా కాలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరేలోపు లేదా బయల్దేరగానే డ్రిల్ చేసి తీరాలని అంతర్జాతీయ నియమం మార్చారు. ఇప్పుడు చాలా ఓడల్లో ఫోన్లో వీడియో చూసి, మన స్టేషన్ దగ్గరికెళ్లి కార్డు చూపిస్తే అయిపోయిందంటారు. అలా ముగించకండి. గది నుంచి స్టేషన్ దాకా అమ్మానాన్నల్ని మెట్ల మీదుగా ఒక్కసారి నడిపించండి, ప్రమాదంలో లిఫ్టు వాడకూడదు. మోకాళ్ల నొప్పి ఉంటే సాయం కావాలని అప్పుడే పేరు రాయించండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడున్నా అక్కడికి రావాలని పాపకి కూడా నేర్పండి. పాప సైజు జాకెట్ అడిగి తీసుకోండి.

గోదారి_గట్టు

రేవు గారూ, ఆ రోజు మేమూ రాజమండ్రిలోనే ఉన్నాం. అమ్మ భయం వెనక అది కూడా ఉందని మీరు చెప్పేదాకా నాకు తోచలేదు. ఇవాళ కూర్చోబెట్టి మాట్లాడతాను.

సియాటెల్_చినుకు

ఫోన్లు ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి, ముఖ్యంగా పెద్దవాళ్లవి. సముద్రంలో ఓడ సొంత టవర్‌కి కలుస్తుంది, అది మీ ప్లానులోకి రాదు. మా ఆడపడుచు వాట్సాప్‌లో ఫొటోలు వాటంతటవే ఎక్కుతుంటే చూసుకోలేదు, 180 డాలర్ల బిల్లు వచ్చింది. వైఫై ప్యాకేజీ ఎక్కే ముందే కొంటే కాస్త చవక.

బట్టల విషయం: జులై అయినా గ్లేషియర్ దగ్గర డెక్ మీద గాలి కోస్తుంది. ఒకటే లావు కోటు కాకుండా లోపల థర్మల్, మధ్యలో స్వెటర్, పైన వాన తట్టుకునే జాకెట్. మంకీ క్యాప్ తప్పకుండా. కెచికాన్‌లో వాన పడని రోజు అదృష్టమే.

కాకినాడ_కాజా

టిప్పులు కట్టాలా? మనిషికి రోజుకి ఇంత అని వాళ్లే బిల్లులో వేసేస్తారట. ఐదుగురికి ఏడు రోజులంటే మాటలా? కౌంటర్ దగ్గరికెళ్లి తీయించేయొచ్చని మా ఫ్రెండు చెప్పాడు.

ఓడలో_పదేళ్లు

తీయించొచ్చు, చాలా కంపెనీల్లో వీలుంది. చేయకండి అని చేతులు జోడించి చెప్తున్నాను. రోజుకి పది పన్నెండు గంటలు, నెలల తరబడి సెలవు లేకుండా చేస్తాం. జీతంలో పెద్ద భాగం ఆ టిప్పులే. మీ మంచం సర్దేవాడు కనిపిస్తాడు. మీ దుప్పట్లు ఉతికేవాడు, గిన్నెలు తోమేవాడు నీటిమట్టం కింది అంతస్తులో ఉంటాడు, మీకు ఎప్పటికీ కనపడడు. అందరికీ పంచేది అందులోంచే. మా చెల్లి పెళ్లి ఆ డబ్బులతోనే చేశాను.

కాకినాడ_కాజా

తెలీక అన్నాను అన్నా. తీయించను. ముందే లెక్కలో వేసుకుంటాను.

బెజవాడ_బుల్లోడు

రేవుల్లో టూర్లు ఓడవాళ్ల దగ్గర కొనొద్దు, బయట సగం ధరకి దొరుకుతాయి.

వైజాగ్_బీచ్‌రోడ్

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి ఆ సలహా ఇవ్వకు తమ్ముడూ. ఓడవాళ్ల టూరు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. బయటి టూరు ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది, తర్వాతి రేవుకి మన ఖర్చుతో మనం చేరుకోవాలి. అలాస్కాలో ఈ రేవుల్లో ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు ఉండదు. జూనోకి అసలు బయటి నుంచి రోడ్డే లేదు, విమానమో పడవో.

నల్గొండ_నర్సన్న

స్కాగ్వేల రైలు ఎక్కుండ్రి. 1898ల బంగారం కోసం జనం ఉరికిన్నాడు మొదలువెట్టిన లైను. ఓడ దగ్గర్నే ఎక్కిస్తరు, నడక లేదు, పెద్దోళ్లకు మస్తుగుంటది. గడియారం ముచ్చట మర్వకుండ్రి. అలాస్కా టైము సియాటెల్ కన్న గంట ఎన్క. ఓడ ఏ టైము నడిపిస్తుందో గదిల పెట్టె కాయిదం మీద సూసుకొని చేతి గడియారం గట్లనే పెట్టుకోవాలె.

డల్లాస్_డాక్టరమ్మ

ఇన్సూరెన్స్ ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడ మీద వర్తిస్తుందో లేదో కాగితం చదవండి. ఓడలో డాక్టరు ఉంటారు, కానీ బిల్లు మన గది ఖాతాలో పడుతుంది, తర్వాత మనం రాబట్టుకోవాలి. హెలికాప్టర్‌లో ఒడ్డుకి తీసుకెళ్లాల్సి వస్తే వేల డాలర్లు. మెడికల్ ఇవాక్యుయేషన్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఉన్న జబ్బులకి వర్తించాలంటే మొదటి డబ్బు కట్టిన కొద్ది రోజుల్లోనే కొనాలని చాలా పాలసీల్లో ఉంటుంది, ఆలస్యం చేయకండి.

ఇంకోటి. బఫే గుమ్మంలో పెట్టే శానిటైజర్ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ మీద సరిగ్గా పనిచేయదు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పాపకి మరీనూ.

గోదారి_గట్టు

అప్‌డేట్. నలుగురికీ కెనడా వీసాకి అప్లై చేశాను. వేలిముద్రల అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం. అమ్మానాన్నల గది ఐదో అంతస్తు మధ్యకి మార్పించాను. ఇన్సూరెన్స్ కొన్నాను. అమ్మతో మాట్లాడాను. లైఫ్ జాకెట్ వేసుకుని చూపిస్తారని చెప్తే "సరే చూద్దాం" అంది. అంతవరకు వచ్చింది.

గోదారి_గట్టు

నిన్ననే తిరిగొచ్చాం. మీకందరికీ చెప్పకుండా నిద్ర పట్టలేదు.

వీసాలు ఓడ ఎక్కడానికి పన్నెండు రోజుల ముందు చేతికొచ్చాయి. కౌంటర్లో మా ముందు నుంచున్న ఒక గుజరాతీ కుటుంబంలో తాతగారిని పక్కకి కూర్చోబెట్టేశారు, ఇదే కారణం. చినుకు గారూ, మీరు ఆ రాత్రి రాయకపోతే ఆ కుర్చీలో మా నాన్న ఉండేవాడు. విక్టోరియా నుంచి వచ్చాక సియాటెల్లో నా 797 ప్రింటు అడిగారు, చూశారు, వదిలేశారు.

మొదటి రాత్రి ఓడ బాగానే ఊగింది. అమ్మ డాక్టరు చెప్పిన మాత్ర వేసుకుని పడుకుంది, తెల్లారి లేచి కాఫీ అడిగింది. మా గది పై అంతస్తు కదా, మా ఆవిడకే వాంతులు. అమ్మే కోడలికి అల్లం ముక్క నమిలించింది. డైనింగులో మా వెయిటరు కేరళ అబ్బాయి. శనివారం ఉల్లి వెల్లుల్లి లేదంటే లోపలికి వెళ్లి అడిగొచ్చి, ఆ రాత్రి జీలకర్ర తాలింపు పెట్టిన పప్పు తెచ్చాడు. సీలు ఉన్న ఆవకాయ సీసాని ఎవరూ అడగలేదు.

గ్లేషియర్ బే రోజు పొద్దున పార్కు రేంజర్లు ఓడ ఎక్కి మైకులో చెప్తూ వచ్చారు. ఆ బే లోపలికి రోజుకి రెండు పెద్ద క్రూజ్ ఓడల్నే రానిస్తారట. మార్జెరీ గ్లేషియర్ ఎదురుగా ఇంజన్ చప్పుడు తగ్గించి గంటసేపు ఆపారు. అమ్మ మంకీ క్యాప్ పెట్టుకుని, రెండు శాలువాలు కప్పుకుని రెయిలింగ్ పట్టుకుని నుంచుంది. ఎదురుగా నీలం మంచు గోడ. దాంట్లోంచి ఒక పలక, ఇల్లంత ఉంటుంది, నెమ్మదిగా జారింది. ముందు నీళ్లు లేచాయి, చప్పుడు తర్వాత వచ్చింది. అందరూ అరుస్తున్నారు. అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని "మా చిన్నప్పుడు వరదల్లో లంకగట్టు కోసుకుపోయేటప్పుడు అచ్చం ఇలాగే వినపడేదిరా, రాత్రుళ్లు పడుకునేవాళ్లం కాదు" అంది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, లోపలికి రమ్మన్నా రాలేదు.

ఒక్క పొరపాటు జరిగింది. ఆఖరి రాత్రి సూట్‌కేసులు గది బయట పెట్టమంటారు. నాన్న పద్ధతిగా అన్నీ మడిచి సర్దేసి పెట్టేశారు, తెల్లారి వేసుకోవాల్సిన ప్యాంటుతో సహా. కట్టుకున్న లుంగీతోనే సియాటెల్లో దిగారు. ఇమిగ్రేషన్ ఆఫీసరు ఏమీ అనలేదు, "చాలా సౌకర్యంగా ఉన్నట్టుందే" అన్నాడట. అది అందరికీ చెప్తున్నారు ఫోన్లో.

రాజమండ్రి_రేవు

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. డ్రిల్ చేశారా?

గోదారి_గట్టు

మెట్ల మీదుగా మూడు అంతస్తులు నడిపించానండీ. నాన్నకి సాయం కావాలని రాయించాను, గది నంబరు లిస్టులో పెట్టుకున్నారు. పాప వారమంతా ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత నోటితో కూస్తూనే ఉంది.

కడప_కారం

ఈ చర్చ మొత్తం చదివాను, మేం కూడా వచ్చే మే నెలలో అనుకుంటున్నాం. మా బాబుకి అప్పటికి ఐదు నెలలు నిండుతాయి. తీసుకెళ్లొచ్చా?

ఓడలో_పదేళ్లు

చాలా కంపెనీలు ఆరు నెలలు నిండనిదే ఎక్కించుకోవు. ఎక్కే రోజుకి నిండి ఉండాలి, ఒక్క రోజు తక్కువైనా కుదరదు. సముద్రంలోనే వరసగా చాలా రోజులుండే పెద్ద ప్రయాణాలకైతే ఏడాది నిండాలి. జులైకి మార్చుకోండి, వాతావరణం కూడా మెరుగ్గా ఉంటుంది. డైపర్ వేసుకున్న పిల్లల్ని పెద్ద పూల్లోకి దింపనివ్వరు, అది కూడా ముందే తెలుసుకుని వెళ్లండి.

కడప_కారం

జులైకే చూస్తామన్నా. మేమూ హెచ్‌వన్, హెచ్‌ఫోర్. కెనడా వీసా ఈ వారమే మొదలుపెడతాం.